నేను లేని చోట నా చుక్క

నేను జాకెట్లు కుడతాను. విశాఖపట్నంలో, కొండవాలున మెట్ల మీద మెట్లు పేర్చినట్టుండే ఒక పేటలో మా ఇల్లు. పేట పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

2021 దసరా ముందు దగ్గు మొదలైంది. పండగ కుట్టుబడి పీకలదాకా ఉన్న రోజులు. కరోనా రెండో విడత భయం ఇంకా పోలేదు కాబట్టి మొదట ఆ పరీక్షే చేయించుకున్నాను. కాదన్నారు. కరోనా కాదంటే ఇక ఏ జబ్బూ కాదన్నట్టు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. సందు చివర ఉన్న డాక్టరు దగ్గుమందు ఇచ్చారు, తరువాత యాంటీబయాటిక్ ఇచ్చారు. పది రోజులు జ్వరం తగ్గి మళ్లీ వచ్చింది. ఇంకో యాంటీబయాటిక్ మార్చారు. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. కొన్ని యాంటీబయాటిక్‌లు టీబీని కొంచెం అణచిపెట్టి, అది టీబీ అని తెలియకుండా చేస్తాయని చాలా నెలల తరువాత తెలుసుకున్నాను.

సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు కాలేది. తెల్లవారుజామున చెమటకు జాకెట్టు పిండుకునేలా తడిసేది. చిక్కిపోతున్నానని అద్దం కంటే ముందు నా టేపు చెప్పింది. దీపావళికి నా జాకెట్లు అర అంగుళం లోపలికి కుట్టుకున్నాను. సంక్రాంతి దగ్గర పడేసరికి మళ్లీ లోపలికి కుట్టాల్సి వచ్చింది. మా కుట్టుగదిలో పక్క మిషన్ మీద కూర్చునే అమ్మాయి అది చూసి, "అక్కా, ఆ జాకెట్టు ఇంకెన్నిసార్లు బిగిస్తావు? ఆసుపత్రికి వెళ్లు" అంది. ఆ మాటతోనే కదిలాను.

ఊళ్లో అందరూ టీబీ ఆసుపత్రి అని పిలిచే పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి వెళ్లాను. అప్పటికి నా బరువు 39 కిలోలు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ తేలలేదు. కళ్లెను మైక్రోస్కోపు కింద చూస్తే క్రిములు కనిపించలేదు. అయినా డాక్టరుగారు వదల్లేదు, కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ యంత్రంలో పెట్టించారు. అందులో టీబీ అని తేలింది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని కూడా చెప్పింది. టీబీ అని తేలిన ప్రతివారికీ చేసినట్టే నాకూ హెచ్‌ఐవీ పరీక్ష చేశారు.

హెచ్‌ఐవీ ఉందన్న ఆ ఫలితం చెప్పిన కౌన్సెలర్‌గారు తలుపు వేసి, నా ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చున్నారు. అది ఎలా వచ్చిందని అడగలేదు. ఆ తరువాత తెలిసిన నలుగురైదుగురూ మొదట అడిగింది అదే. టీబీ ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. గాలి ద్వారా వస్తే పాపం, ఇంకో దారిలో వస్తే తప్పు అని మనసులో తేల్చేసుకున్న లోకం ఇది. అందుకే హెచ్‌ఐవీ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఇక్కడ కూడా జవాబు రాయను.

ఆవిడ చెప్పిన సంగతి ఒకటి ఈనాటికీ నాతో ఉంది. మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. హెచ్‌ఐవీ లేనివాళ్లలో అది నిద్రలేచే అవకాశం జీవితకాలం మొత్తానికి నూటికి పదికి మించదు. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడనివాళ్లలో దాదాపు అంత అవకాశం ఒక్క ఏడాదిలోనే ఉంటుంది. జబ్బులతో పోరాడే రక్తకణాల లెక్కను సీడీ4 అంటారు. నాది 86. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది అయిదువందల పైమాటే.

పరీక్షలన్నీ అయ్యాక కిటికీ దగ్గర చిరునామా అడిగారు.

మా కొండ మెట్లు తొంభై దాకా ఉంటాయి. సాయంత్రమైతే మెట్టుకొకరు కూర్చుంటారు. సంచి తగిలించుకుని కొత్త మనిషి ఎవరైనా ఎక్కితే ప్రతి మలుపులోనూ "ఎవరింటికి?" అని అడుగుతారు. యాభై ఇళ్లకో వార్డు వాలంటీరు ఉన్న రోజులవి. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగాయి. గాజువాకలో మా అక్క ఒకప్పుడు అద్దెకున్న ఇంటి నంబరు చెప్పేశాను. అక్క ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లయింది. ఫోను నంబరు మాత్రం నాదే ఇచ్చాను.

టీబీ మందులు ముందు మొదలుపెట్టారు. నాలుగు మందులు కలిపిన మాత్ర, బరువును బట్టి రోజుకు ఇన్నని. రెండు నెలల తరువాత అందులో ఒక మందు తగ్గించి మరో నాలుగు నెలలు. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, భయపడవద్దని ముందే చెప్పారు. రెండు వారాలకు హెచ్‌ఐవీ మందు కలిపారు. అందులోని డోల్యుటెగ్రవిర్‌ను రిఫాంపిసిన్ కాలేయంలో త్వరగా కరిగించేస్తుందట. అందుకని ఉదయం వేసుకునే మాత్ర కాక, పన్నెండు గంటల తరువాత ఆ మందు మరొకటి విడిగా వేసుకోవాలి. ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది. ఫోనులో గంట పెట్టుకున్నాను. మా అబ్బాయి అడిగితే రక్తహీనతకు మాత్రలన్నాను. అప్పటికి వాడికి పదహారేళ్లు.

మూడు వారాలు బాగానే ఉన్నాను. ఆకలి తిరిగి వచ్చింది. అప్పుడు మెడకు ఎడమ వైపు నిమ్మకాయంత గడ్డ లేచింది. జ్వరం తిరగబెట్టింది. మందులు పనిచేయడం లేదని తేల్చుకుని రెండు రోజులు అన్నీ మానేశాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్లకు ఇది తెలియాలి. మూడో రోజు కౌన్సెలర్‌గారు ఫోను చేసి, నా గొంతు విని, వెంటనే రమ్మన్నారు. మందు పనిచేయక వచ్చిన గడ్డ కాదది. హెచ్‌ఐవీ మందుతో ఒంట్లో శక్తి తిరిగి పుంజుకుంటుంది. ఇన్నాళ్లూ పట్టించుకోని టీబీ క్రిములను అది ఇప్పుడు గుర్తుపట్టి వాటి మీద విరుచుకుపడుతుంది. ఆ పెనుగులాటలో గ్రంథులు వాస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు కొన్ని వారాలు ఇచ్చి, తరువాత మెల్లగా తగ్గించారు. గడ్డ కరగడానికి రెండు నెలలు పట్టింది.

టీబీ మందుల వల్ల అరికాళ్లకు పట్టిన తిమ్మిరి ఇంకొంత కాలం ఉంది. నాది కాళ్లతో తొక్కే మిషన్. పాదం కింద పలక ఉన్నదీ లేనిదీ తెలియకపోతే కుట్టు ఎక్కడ ఆగుతుందో తెలియదు. బీ6 విటమిన్ మోతాదు పెంచాక నెమ్మదిగా తగ్గింది. ప్రభుత్వం పోషణకని నెలకు 500 రూపాయలు బ్యాంకులో వేసేది. గుడ్లు, వేరుశనగలు, పాలు కొనేదాన్ని. 2022 జులైలో టీబీ మాత్రలు అయిపోయాయి. అప్పటికి 48 కిలోలు. ఒకరోజు మధ్యాహ్నం కూర్చుని, లోపలికి పట్టిన కుట్లు ఒక్కొక్కటీ బ్లేడుతో విప్పాను. వెడల్పయిన జాకెట్టులో ఆ గుడ్డ మడతలోపల రంగు వెలవకుండా కొత్తగా ఉంది.

మధ్యలో జరిగినది ఒకటి దాటేశాను. మందులు మొదలైన రెండో వారంలో టీబీ సిబ్బంది నుంచి ఫోను వచ్చింది. "అమ్మా, మీ ఇంటి దగ్గర ఉన్నాం, తాళం వేసి ఉంది." ఊరెళ్లామని చెప్పాను. నెలకు మళ్లీ వచ్చింది. "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా, పరీక్ష చేయాలి" అన్నారు. ఒక్కదాన్నే అన్నాను. మా అబ్బాయిని లెక్కలో లేకుండా చేశాను. కుట్టుగది సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరు మనుషులు చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది అది. అందులో అయిదు మిషన్లు. ఉన్న ఒక్క కిటికీకి గుడ్డల బీరువా అడ్డం.

2023 జనవరిలో పక్క మిషన్ అమ్మాయికి దగ్గు పట్టుకుంది. మూడో వారానికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. టీబీ. హెచ్‌ఐవీ లేదు. తను నిజం చిరునామా చెప్పింది. నా నుంచి తనకు వచ్చిందో, ఇద్దరికీ వేరే ఎవరి నుంచైనా వచ్చిందో చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. ఆ మాట నన్ను ఓదార్చలేదు.

ఆ ఏడాది వేసవిలో టీబీ నయమైనవాళ్లకు శిక్షణ ఉందంటే వెళ్లాను. టీబీ ఛాంపియన్లంటారు మమ్మల్ని. జబ్బుపడ్డవాళ్లతో మాట్లాడి, మందులు మానకుండా చూడటం మా పని. అక్కడ గోడమీద నగరపటం ఉంది. ఒక పక్క సముద్రం, డాల్ఫిన్స్ నోస్ కొండ, పోర్టు కాలువ, అవతల విమానాశ్రయం దాటి గాజువాక. పటం నిండా నీలి చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో టీబీ మనిషి. ఇంటింటి పరీక్షలకు ఎక్కడికి ముందు వెళ్లాలో చూసుకోవడానికి పెట్టుకున్నారు.

నమూనా కాగితం చూసినట్టే దాన్ని చూశాను. కొలత ఎక్కడ తప్పిందా అని కళ్లు వెతికాయి. మా కొండ దొరికింది. పైన ఒక్క చుక్కా లేదు. చుక్కలన్నీ కింద రోడ్డు మీద ఒకచోట గుంపుగా పడి ఉన్నాయి. కొండ మీద ఒకే డోర్ నంబరుకు గీతలు, అక్షరాలు తగిలించుకుని పది ఇళ్లు ఉంటాయి. కంప్యూటరు వాటినన్నింటినీ కలిపి రోడ్డు మీద పడేసింది. అక్కడ ఇళ్లే లేవు, ఇనుప సామాను దుకాణాలున్నాయి. ఆ గుంపులో ఒకటి మా పక్క మిషన్ అమ్మాయిదై ఉండాలి.

తరువాత గాజువాక వైపు చూశాను. ఆ వీధిలో ఒకే ఒక్క చుక్క. దాని చుట్టూ ఎర్ర గీత. అలాంటి ఎర్ర గీతలు పటంలో అక్కడక్కడా ఉన్నాయి. అవేమిటో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఎనిమిదేళ్లు మోచేతులు తగిలేటంత దగ్గరగా కూర్చుని కుట్టిన ఇద్దరం మేము. పటం మీద మా మధ్య పోర్టు, విమానాశ్రయం ఉన్నాయి. పది కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ పటం చూసి ఎవరైనా మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదనే అంటారు. నేను నిజం చెప్పి ఉన్నా, అది మా ఇళ్లనే చూపించేది. మేము పగలంతా ఒకే గాలి పీల్చిన గది దానికి కనిపించేది కాదు.

మధ్యాహ్నం భోజనాల వేళ అధికారిగారి దగ్గరికి వెళ్లాను. "సార్, ఆ చుక్క నాది. నేను ఎన్నడూ అక్కడ లేను" అన్నాను. అక్కడే బల్ల దగ్గర రాసుకుంటున్న హెల్త్ విజిటర్ అమ్మాయి తలెత్తింది. "మీరేనా అమ్మా? ఆ తాళం దగ్గరికి రెండుసార్లు వచ్చింది నేనే" అంది. కోపం లేదు ఆ గొంతులో. అందుకే ఎక్కువ బాధేసింది.

ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పాను. ఎర్ర గీత గోడ మీద ఉండకూడదని. ఈ గదిలోకి టీ తెచ్చే అబ్బాయి వస్తాడు, మేమందరం వస్తాం, మాలో ఆ వీధివాళ్లు ఎవరైనా ఉండవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మా జబ్బు సంగతి మా అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. పేరు రాయకపోయినా, వీధిలో ఉన్న ఒకే ఒక్క చుక్క పేరు రాసినట్టే. ఇలాంటి గీత గోడకెక్కుతుందనే భయంతోనే కదా నేను అబద్ధం చెప్పింది. అధికారిగారు కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం ఆ కాగితం గోడ మీద లేదు. రెండు జబ్బులూ ఉన్నవాళ్ల వివరాలు ఇప్పుడు వార్డుల అంకెలుగా మాత్రమే చూస్తున్నారు. ఒకరిద్దరే ఉన్న వార్డును పక్క వార్డుతో కలిపి లెక్కిస్తున్నారు.

పటాలు వద్దని నేను అనను. మా కొండలాంటి చోట్ల నుంచి పరీక్షకు పోవాలంటే ఎన్ని బస్సులు మారాలో, టీబీ పరీక్ష అయ్యాక హెచ్‌ఐవీ పరీక్షకు రాకుండా జారిపోతున్నవాళ్లు ఏ వైపు ఎక్కువో, రెండు మందులూ ఒకేచోట ఎవరికి అందడం లేదో పటం వేస్తేనే తెలుస్తుంది. కానీ చుక్కలను లెక్కపెట్టి ఫలానా పేట జబ్బుల పేట అనడం మాత్రం అన్యాయం. జనం ఎక్కువున్న చోట చుక్కలూ ఎక్కువే ఉంటాయి. పరీక్షలు శ్రద్ధగా చేసిన చోటా ఎక్కువే కనిపిస్తాయి. సందు చివరి దగ్గుమందు తాగుతూ నేను గడిపిన మూడు నెలల్లో మా కొండ పటం మీద ఎంతో శుభ్రంగా ఉండి ఉంటుంది.

మా అబ్బాయికి నిజం చెప్పి పరీక్షలకు తీసుకెళ్లాను. వాడికి ఏమీ లేదు. కుట్టుగదిలో మిగిలిన ముగ్గురికీ ఎక్స్‌రేలు తీశారు. ముగ్గురివీ బాగానే ఉన్నాయి. బీరువా జరిపించి కిటికీ తెరిపించాం. గాలికి సిల్కు ముక్కలు ఎగిరిపోతున్నాయని యజమానురాలు మొదట గొణిగినా, ఇప్పుడు ఆవిడే ఉదయం వచ్చి తెరుస్తున్నారు. పక్క మిషన్ అమ్మాయి ఆరు నెలల మందులూ పూర్తిచేసింది. నా రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గింది. రాత్రి ఎనిమిది గంటల మాత్ర ఎప్పుడో ఆగిపోయింది, ఉదయానిది జీవితాంతం ఉంటుంది.

చిరునామా దిద్దించిన తరువాతి వారం హెల్త్ విజిటర్ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఫోనులో మా గుమ్మం గుర్తుపెట్టుకుంది, ఈసారి చుక్క రోడ్డు మీద పడకుండా. తొంభై మెట్లూ ఎక్కి ఆయాసపడుతుంటే మంచినీళ్లిచ్చాను. దారిలో ముగ్గురు అడిగారట, ఎవరింటికని. మా ఇంటి పేరే చెప్పింది. చెప్పమన్నది నేనే.