టొలెడోలో సంతకాల వేట

స్కూలు సెలవుల్లో మాడ్రిడ్ వచ్చిన తెలుగు కుటుంబాలు చాలావరకు దగ్గర్లోని పాత ఊరు టొలెడోని ఒక పూటలో కానిచ్చేస్తాయి. కేథడ్రల్ ముందు ఫొటో, కత్తుల కొట్టు దగ్గర పిల్లల పేచీ, తిరుగు రైలు. ‘అన్నీ చర్చిలే’ అని పిల్లలు తీర్పు చెప్పేస్తారు. తప్పు పిల్లలది కాదు, చూపించే వరసది. ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఆ ఊళ్ళో బొమ్మల కంటే ముందు లిపులు చూపించండి. గ్రీకు, హీబ్రూ, అరబిక్, స్పానిష్ రాతలన్నీ ఒక్క ఉదయంలో దొరుకుతాయి. ఇంట్లో ఒక లిపి, బడిలో ఇంకో లిపి చూస్తూ పెరిగేవాళ్ళు ఈ ఆటలో ఇట్టే దిగిపోతారు.

దీనికి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు చాలు. పెన్ను వద్దు. బొమ్మల దగ్గర సిరా కనబడితే కాపలావాళ్ళు వెంటనే వారిస్తారు.

మొదట సాంతో తొమే చర్చికి వెళ్ళండి. పదింటికి తలుపులు తీసేసరికి అక్కడ ఉండాలి. మాడ్రిడ్ నుంచి టూరు బస్సులు దిగాక ఆ చిన్న గదిలో పెద్దవాళ్ళ వీపులు తప్ప పిల్లలకు ఏమీ కనబడదు. అక్కడున్నది ఎల్ గ్రెకో 1586–88 మధ్య వేసిన ‘ఓర్గాస్ ప్రభువు ఖననం’. దాదాపు 4.8 మీటర్ల ఎత్తు, 3.6 మీటర్ల వెడల్పు. మొత్తం ఒకేసారి వివరించబోతే పిల్లలు రెండు నిమిషాల్లో నేల చూపులు చూస్తారు. కింద ఎడమవైపు కాగడా పట్టుకుని, మనవైపు చూస్తూ వేలు చూపించే పిల్లాణ్ణి వెతకమనండి. వాడు చిత్రకారుడి కొడుకు హోర్హె మాన్యుయెల్. జేబులోంచి వేలాడే రుమాలు మీద తండ్రి గ్రీకులో సంతకం చేసి 1578 అని వేశాడు. అది బొమ్మ వేసిన ఏడాది కాదు, కొడుకు పుట్టిన ఏడాది. అక్షరాలు చిన్నవి, దగ్గరికి పోనివ్వరు, ఫొటోలూ తీయనివ్వరు. అందుకని ముందురోజు రాత్రే ఆ రుమాలు భాగాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూపించి తీసుకెళ్ళండి. ఎక్కడ వెతకాలో తెలిస్తేనే కన్ను నిలుస్తుంది.

తర్వాత ఎల్ గ్రెకో పేరు సంగతి చెప్పండి. ఈయన 1541లో క్రీట్ దీవిలో పుట్టిన దొమేనికోస్ థియోటోకోపులోస్. వెనిస్, రోమ్ తిరిగి 1577లో టొలెడో చేరాడు, 1614లో అక్కడే పోయాడు. ఊరివాళ్ళు ఆ పేరంతా పలకలేదు, ‘ఎల్ గ్రెకో’, అంటే ‘గ్రీకువాడు’, అని సరిపెట్టేశారు. అదీ సగం ఇటాలియన్ మాటే, స్పానిష్‌లో అయితే ‘గ్రియెగో’ అనాలి. ఆయన మాత్రం చివరిదాకా బొమ్మల మీద తన పూర్తి పేరు గ్రీకు అక్షరాల్లోనే రాసుకున్నాడు. కొడుక్కి పెట్టింది మాత్రం స్పెయిన్ పేరు. వెంకట సాయి శ్రీహర్షని బడి రిజిస్టరు ఒట్టి ‘వెంకట’ చేసేసిన ఇంట్లో దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. నోటుపుస్తకంలో ఆ గ్రీకు సంతకాన్ని బొమ్మలా దింపి, పక్కన తమ పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో రాయమనండి. తెలుగు రాయడం రాని పిల్లలుంటే మీరు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అక్కడ నిలబెట్టి గుణింతాలు నేర్పబోతే ఆట పాఠమైపోతుంది.

అక్కణ్ణుంచి ఎల్ గ్రెకో మ్యూజియం నాలుగడుగులు. అది ఆయన ఉన్న ఇల్లు కాదని ముందే చెప్పేయండి. అక్కడ ‘టొలెడో దృశ్యం, పటం’ అన్న బొమ్మ ఒక్కటి చూసినా చాలు. ఒక కుర్రాడు ఊరి పటం పట్టుకుని ఉంటాడు, ఒక ఆసుపత్రి భవనం మబ్బు మీద తేలుతుంటుంది. అది ఉన్నచోటే వేస్తే ఊరి కోటద్వారం బిసాగ్రాకి అడ్డొస్తోందని, అందుకే జరిపానని చిత్రకారుడే బొమ్మలో రాసి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఇది పిల్లలకు భలే నచ్చుతుంది.

దాని పక్కనే త్రాన్సితో సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. పద్నాలుగో శతాబ్దం నడుమ, రాజు పేద్రో కోశాధికారి సామ్యుయెల్ హ లెవి కట్టించాడు. గోడల పైభాగాన హీబ్రూ పట్టీ చుట్టూ సాగుతుంది, గచ్చు పనిలో అరబిక్ మాటలూ ఉన్నాయి. వరస ఏ వైపు మొదలవుతుందో కనిపెట్టమనండి. కుడి నుంచి ఎడమకని ముందే చెప్పకండి. ఇప్పుడది సెఫార్దీ, అంటే స్పెయిన్ యూదుల, మ్యూజియం. 1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టిన యూదులు ఇస్తాంబుల్, సలోనికాల్లో స్థిరపడి, అప్పటి స్పానిష్‌ని నాలుగు వందల ఏళ్ళకు పైగా ఇళ్ళలో మాట్లాడుకున్నారు, హీబ్రూ లిపిలో రాసుకున్నారు. పాటల్లో, సామెతల్లో, వంటింట్లో నిలిచిన ఆ లదీనో, ఫ్రెంచి బళ్ళు వచ్చాక పిల్లల నోట్లో పలచబడింది. సలోనికాలో ఆ భాష మాట్లాడేవాళ్ళలో అత్యధికుల్ని నాజీలు చంపేశారు. ఇందులో ఎంత చెప్పాలో మీ పిల్లల వయసును బట్టి చూసుకోండి.

ఇంకొంచెం నడిస్తే సాంతా మరియా లా బ్లాంకా. తెల్లటి స్తంభాలు, గుర్రపు నాడా కమాన్లు. సినగాగ్‌గా కట్టారు, తర్వాత చర్చి అయింది. ‘అయితే ఇది ఎవరిది?’ అని పిల్లలు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. మన వాట్సాప్ గొడవల్ని అక్కడిదాకా మోసుకెళ్ళక్కర్లేదు.

మన ఇంటి కథ కూడా స్పెయిన్ చేరింది. పంచతంత్రం నాటి పర్షియా భాష పహ్లవీ మీదుగా అరబిక్‌లోకి, అక్కణ్ణుంచి 1251 ప్రాంతంలో స్పానిష్‌లోకి ‘కలీలా, దిమ్నా’గా వెళ్ళింది. చేయించినవాడు టొలెడోలో పుట్టి, తర్వాత రాజైన అల్ఫొన్సో. కలీలా దిమ్నాలంటే చిన్నయసూరి మిత్రభేదంలోని కరటక దమనకులే. నడిచి అలిసిన పిల్లలకు ఈ రెండు నక్కల కథ చెబితే ఇంకో వీధి దాటుతారు.

టికెట్ల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. చేతికి కట్టే పర్యాటక పట్టీ కొంటే అన్నీ అందులోనే అనుకుంటారు. సాంతో తొమే, సాంతా మరియా లా బ్లాంకా అందులో ఉన్నాయి. కేథడ్రల్ లేదు. ఎల్ గ్రెకో, సెఫార్దీ మ్యూజియాలూ లేవు, అవి ప్రభుత్వానివి. అక్కడ పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు ఉచితం, శనివారం మధ్యాహ్నం రెండు దాటాక, ఆదివారం అందరికీ ఉచితం, సోమవారం సెలవు. సోమవారం వెళ్తే ఈ వేట సగం ఎగిరిపోతుంది. పట్టీని రాత్రి విప్పారా, మర్నాడు పనికిరాదు.

తోపుడుబండి తేవద్దు. గులకరాళ్ళ వీధుల్లో, ఎత్తుల్లో చక్రాలు నిలవవు, చంకన వేసుకునే క్యారియర్ మేలు. స్టేషన్ వైపు నుంచి ఎక్కడానికి సఫోంట్ ఎస్కలేటర్లున్నాయి.

భోజనానికి వంటిళ్ళు ఒంటిగంటన్నర ప్రాంతంలో మొదలవుతాయి, పన్నెండింటికే ఆకలేసే పిల్లలకు చేతిలో ఏదైనా ఉంచండి. శాకాహారులు ‘వెహెతాల్’ శాండ్‌విచ్ పేరు చూసి మోసపోవద్దు. అందులో ట్యూనా, గుడ్డు ఉండటం మామూలే. ఊరి ప్రత్యేకత మార్సిపాన్, బాదం పంచదార ముద్ద. కొన్నిటికి పైన గుడ్డుసొన పూస్తారు, అడిగి కొనండి. కొట్టువాళ్ళు పిల్లల్ని ‘ఇందూ?’ అని అడిగితే మతం గురించి కాదు, ఇండియా నుంచా అని. ‘ఇందియో’ అంటే అక్కడ చాలామందికి అమెరికా ఆదివాసులే ముందు గుర్తొస్తారు. ఈ తేడా పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

మాడ్రిడ్ అతోచా నుంచి రైలు అరగంట పైచిలుకు. వారాంతాల్లో సాయంత్రం రైళ్ళు నిండిపోతాయి కాబట్టి తిరుగు టికెట్ కూడా ఉదయమే కొనేయండి.