రాత్రి లేని సర్వర్‌కు పూడికతీత

కేసీ కాలువలో పూడిక తీయాలంటే సుంకేసుల నుంచి నీళ్లు రాని ఎండాకాలం ఉంది. డాలస్‌లో డేటాబేసులు చూసుకునే మన కర్నూలు, అనంతపురం పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. వేసవిలో అక్కడ అర్ధరాత్రి రెండంటే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అమ్మ ఫోన్ చేసి ‘తిన్నావా నాయనా’ అనే ఆ వేళకే ఇండియా ఆఫీసుల లోడంతా సర్వర్ మీద ఉంటుంది. నీళ్లు పారుతుండగానే పూడిక తీయాలి.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఒక వరుసను (రికార్డును) అప్‌డేట్ చేసినా డిలీట్ చేసినా పాత వరుస చెత్తగా అక్కడే పడి ఉంటుంది. దాన్ని తనంతట తానే ఊడ్చేది ఆటోవాక్యూమ్. డిఫాల్ట్‌గా టేబుల్‌లో 20 శాతం చెత్త చేరితేగానీ అది కదలదు. పది కోట్ల వరుసల టేబుల్‌లో అంటే 2 కోట్లు! అదంతా ఒక్క విడతలో ఎత్తబోతే డిస్కు మూలుగుతుంది. పెద్ద టేబుళ్లకు మాత్రం విడిగా స్కేల్ ఫ్యాక్టర్ (ఎంత వంతు చెత్తకు కదలాలన్న సెట్టింగ్) 0.01, అంటే ఒక శాతం పెడితే 10 లక్షలకే మొదలై, తక్కువ తక్కువగా పని సాగుతుంది.

పని నెమ్మదిగా ఉందని చాలామంది వర్కర్లను (ఊడ్చే ప్రాసెస్‌లను) 3 నుంచి 10కి పెంచుతారు. ఒక్కో వర్కర్ ఇంకా నెమ్మదిస్తుంది. ఎందుకంటే కాస్ట్ లిమిట్ (ఒక విడతలో ఎంత పని చేసి ఆగాలన్న హద్దు) 200 అనేది వర్కర్లందరికీ కలిపి. ఒకే తూము నీళ్లను పది మళ్లకు మళ్లించినట్టే. ముందు లిమిట్ పెంచాలి. అసలు ఆటోవాక్యూమే ఆపేస్తే పోలా అనుకోవద్దు. 20 కోట్ల ట్రాన్సాక్షన్లు (ఒక్క కట్టగా జరిగే డేటాబేసు పనులు) దాటాక ఆపినా అది లేస్తుంది. మామూలు ఆటోవాక్యూమ్ అయితే లాక్ (టేబుల్‌పై తాత్కాలిక పట్టు) అడిగినవాళ్లకు దారి ఇస్తుంది, ఇది ఇవ్వదు.

వాక్యూమ్ నడిచినా చెత్త తగ్గకపోతే, ఎవరో ట్రాన్సాక్షన్ తెరిచి భోజనానికి వెళ్లారేమో చూడండి. అది మూసేదాకా ఆ తర్వాత చచ్చిన ఒక్క వరుసా పోదు. అలా ఖాళీగా తెరిచి ఉన్న (ఐడిల్) ట్రాన్సాక్షన్లకు టైమౌట్ పెట్టడమే మందు.

ఎక్కువమందిని ముంచేది ఆల్టర్ టేబుల్, అంటే టేబుల్ నిర్మాణం మార్చే ఆదేశం. అరగంట నడిచే రిపోర్టు వెనక అది లాక్ కోసం నిలబడుతుంది. దాని వెనక వచ్చిన మామూలు సెలెక్ట్‌లూ (డేటా చదివే ఆదేశాలూ) నిలిచిపోతాయి. లాక్ టైమౌట్ 2 సెకన్లు పెట్టి, దొరక్కపోతే తప్పుకుని మళ్లీ ప్రయత్నించాలి. ఇండెక్స్ (వెతుకులాటకు వాడే సూచిక) అయితే కాంకరెంట్లీ, అంటే రాతలను ఆపకుండా కట్టాలి. మధ్యలో ఫెయిలైతే ఇన్‌వాలిడ్ ఇండెక్స్ మిగిలిపోతుంది. చదవడానికి పనికిరాదు గానీ ప్రతి రాతకూ భారమవుతుంది, డ్రాప్ చేయాల్సిందే. పాత డేటా తీసేటప్పుడు ఐదేసి వేల వరుసలు తీస్తూ, రెప్లికా (డేటాబేసు నకలు) వెనకబడుతోందా అని చూసుకోవాలి.

ఇక గడియారం. మార్చి రెండో ఆదివారం అమెరికాలో చాలాచోట్ల గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి తెల్లవారుజామున రెండు నుంచి మూడు దాకా ఉండే గంటే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరపడంతో ఒకటి నుంచి రెండు దాకా ఉండే గంట రెండుసార్లు వస్తుంది. షెడ్యూలర్‌ను (పనులను వేళకు నడిపే ప్రోగ్రామ్‌ను) బట్టి రెండున్నరకు పెట్టిన పని ఎగిరిపోవచ్చు, ఒకటిన్నరది రెండుసార్లు నడవొచ్చు. వేళలు యూటీసీలోనే (ఏడాదంతా మారని ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) రాయండి. యూటీసీ 7 గంటలంటే కడపలో కూర్చున్న టీముకు ఏడాది పొడవునా పన్నెండున్నరే.