"దారి చాలదు" అనే ముందు గీత ఎక్కడ గీశారో చూడండి

బెంగళూరులో చూపించుకుని, కాన్పుకి కర్నూలో అనంతపురమో పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లల ఫైళ్ళలో అప్పుడప్పుడు ఎమ్మారై పెల్విమెట్రీ (బిడ్డ బయటికొచ్చే కటి ఎముకల దారిని కొలిచే స్కాన్) రిపోర్టు కనిపిస్తుంది. ఎక్కువగా బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నప్పుడు రాస్తారు. అందులోని నాలుగు అంకెలు చూసి ఇంట్లోవాళ్ళు "దారి చాలదట, ఆపరేషనేనట" అని తేల్చేస్తారు.

ఒకప్పుడు ఇది ఎక్స్‌రేతో తీసేవారు. కడుపులో ఉండగా ఎక్స్‌రే పడ్డ పిల్లల్లో కాన్సర్ ముప్పు ఎక్కువని 1956లో బ్రిటిష్ డాక్టరు ఆలిస్ స్టూవర్ట్ చూపించాక మోజు తగ్గుతూ వచ్చింది. ఎమ్మారైలో ఆ రేడియేషన్ లేదు, బొమ్మ తేటగా రావడానికి వేరే స్కాన్లలో ఇచ్చే గాడోలినియం ఇంజెక్షనూ దీనికి అక్కర్లేదు. మూత్రానికి వెళ్ళొచ్చి, నడుం కుడివైపు కింద దిండు పెట్టుకుని కాస్త ఎడమకు ఒరిగి పడుకోవాలి. పూర్తిగా వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కి కళ్ళు తిరుగుతాయి. మెట్టెలు, పట్టీలు తీయడం అందరికీ గుర్తుంటుంది. తాళికి తగిలించిన పిన్నీసులే మర్చిపోతారు, అయస్కాంతం ముందు లాక్కునేది వాటినే.

మొదటి కొలత అబ్‌స్టెట్రిక్ కాంజుగేట్. నడుం పూసలు అయిపోయి సేక్రమ్ (వెన్ను కింద కటికి వెనక గోడలా ఉండే ఎముక) మొదలయ్యే చోట ముందుకు పొడుచుకొచ్చిన అంచు నుంచి, ముందున్న ప్యూబిక్ ఎముకల అతుకు లోపలి ఉబ్బు దాకా గీత. మామూలుగా 11 సెం.మీ. అటూ ఇటూ. గీతను అతుకు నెత్తిమీదికి లాగితే కొన్ని మిల్లీమీటర్లు ఊరికే కలిసొస్తాయి. చివరి నడుం పూస సేక్రమ్‌తో అతుక్కుపోయి ఉంటే పొడుచుకొచ్చిన అంచులు రెండు కనిపిస్తాయి. అప్పుడు పొట్టి గీతే లెక్క.

అసలు తప్పులు ఇంటర్‌స్పైనస్ దగ్గర. కటి లోపల రెండు పక్కలా ముల్లులా ఉండే ఇస్కియల్ స్పైన్ మొనల మధ్య దూరం సుమారు 10.5 సెం.మీ., దారిలో అన్నిటికన్నా ఇరుకు ఇదే. స్లైసులు (ఎమ్మారై పొరలు పొరలుగా తీసే బొమ్మలు) మందంగా, మధ్య ఖాళీలతో తీస్తే మొన ఆ ఖాళీలో పడిపోతుంది. మొనకు పైనో కిందో కొలిస్తే దూరం ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. అందుకే పక్కపక్క స్లైసులు రెండు మూడు తిప్పి చూసి, అన్నిటికన్నా తక్కువ దూరం రాయాలి.

ఇంతా చేసి అది పడుకున్న మనిషి కొలత. గొంతుక్కూర్చుంటే ఈ మొనల మధ్య దూరం పెరుగుతుంది, పై కాంజుగేట్ మాత్రం కొద్దిగా తగ్గుతుంది. బిడ్డ తల ఎముకలు నొప్పుల్లో ఒకదాని మీదికొకటి జరిగి సర్దుకుంటాయి. కాబట్టి స్కాన్‌లోని తల సైజును కటి సైజులోంచి తీసేసి తేల్చే లెక్క కాదిది. తల కిందికి ఉన్నప్పుడు ఎక్స్‌రేతో కొలిచి చూసిన చోట సిజేరియన్లు పెరిగాయి తప్ప, బిడ్డలకు మేలని తేలలేదు.

పురుడయ్యాక ప్రశ్న వేరు. లేచి అడుగు వేస్తుంటే పొత్తికడుపు కింద ఎముక దగ్గర పొడిచినట్టు నొప్పి ఉంటే ముందు చెప్పిన ప్యూబిక్ ఎముకల అతుకు సందు చూడాలి. మామూలుగా 4-5 మి.మీ., కడుపుతో ఉన్నప్పుడు ఇంకో రెండు మూడు పెరుగుతుంది. 10 దాటితే విడిపోయినట్టే. దీనికి మామూలు ఎక్స్‌రే చాలు, పాలివ్వడానికి అడ్డేమీ లేదు. మూత్రం ఆగకపోవడం, కిందికి జారినట్టుండడం ఉంటే ఎమ్మారైలో లెవేటర్ కండరం (కటి అడుగును మోసే కండరం) ప్యూబిక్ ఎముక నుంచి ఊడిందా అని కుడి ఎడమలు పోల్చి చూస్తారు. వాపు ఉండగా తీస్తే పోల్చడం కష్టం, అత్యవసరం కాకపోతే కొన్ని నెలలు ఆగడం మంచిది.

ఊరికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. గీత సరిగ్గా ఉందో లేదో అక్కడి డాక్టరుకి బొమ్మలోనే తెలుస్తుంది.