చెరువు మీద కయాకింగ్: పన్నెండు వారాల లాగ్

మూడేళ్ల క్రితం కోట్‌పల్లి ప్రాజెక్టులో మొదటిసారి తెడ్డు పట్టుకున్నాను. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడుపుతూనే ఉన్నాను. ఈ వేసవిలో అపార్ట్‌మెంట్ వాళ్లు, ఆఫీసు స్నేహితులు తమకూ నేర్పమని అడిగారు. సిటీకి దగ్గరలో ఉన్న ఒక చెరువులో ఆదివారం పొద్దున ఆరుగురికి నేర్పుదామని ఇద్దరు మిత్రులతో కలిసి అనుకున్నాం. పంచాయతీ, నీటిపారుదల శాఖ అనుమతి తీసుకున్నాం. అక్కడ చేపలు పట్టే సంఘం వాళ్లతోనూ మాట్లాడాం. మన పడవ మనం నడుపుకోవడం వేరు, ఈత రాని ఆరుగురి ప్రాణాలు మన చేతిలో పెట్టుకోవడం వేరు. అందుకే వారం వారం ఏం చేశామో రాసి పెట్టుకుంటున్నాను.

1వ వారం

నీళ్లలో మనిషిని తేల్చే జాకెట్లు పన్నెండు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పైకి అన్నీ బాగున్నాయి. లోపలి లేబుల్ మీద 50 న్యూటన్లు అని ఉంది, అంటే సుమారు 5 కిలోల బరువును నీటి పైన నిలబెట్టాలి. కిరాణా కొట్టులో 5 కిలోల తూకపు రాయి అడిగి తెచ్చి, ఒక్కో జాకెట్‌కు కట్టి నీళ్లలో వదిలాం. నీళ్లలో ఇనుము బరువు కాస్త తగ్గుతుంది కాబట్టి, మంచి జాకెట్ సులువుగా తేలాలి. తొమ్మిది తేలాయి, మూడు మునిగిపోయాయి. లోపల ఫోమ్ నలిగి చచ్చుబడి ఉంది. ఆ మూడింటినీ కత్తెరతో ముక్కలు చేశాకే చెత్తలో వేశాం, మళ్లీ ఎవరూ తీసి వేసుకోకుండా.

ఒక విషయం అందరికీ తెలియాలి. 50 న్యూటన్ల జాకెట్ స్పృహలో ఉన్నవాళ్లు తేలడానికి సాయం చేస్తుంది, అంతే. స్పృహ తప్పినవాళ్లను వెల్లకిలా తిప్పే పని దానిది కాదు. అందుకోసం తయారుచేసేవి 100 న్యూటన్లు, ఆపై ఉండే లైఫ్ జాకెట్లు. అవి లావుగా ఉంటాయి, తెడ్డు వేయడానికి అడ్డం పడతాయి. మేం 50తోనే సాగుతున్నాం. అందుకే నేర్చుకునేవాళ్లెవరూ మాలో ఒకరికి 20 మీటర్లకు మించి దూరం పోకూడదని నియమం పెట్టుకున్నాం.

బెల్టులు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తాను. జాకెట్ చెవుల దాకా లేస్తే అది వదులైనట్టే. ప్రతి ఒక్కరికీ నేనే చూస్తాను, వాళ్ల మాట మీద వదలను.

2, 3 వారాలు

పడవ తిరగబడితే మళ్లీ ఎక్కించడం. మావి పైన కూర్చునే రకం కయాక్‌లు. మొదటి రోజు ఒక్క మనిషిని తిరిగి ఎక్కించడానికి ఆరు నిమిషాలు పట్టింది. అంతసేపు నీళ్లలో ఉంటే భయంతోనే సగం శక్తి పోతుంది. తప్పు మాదే, ఎలా ఎక్కాలో ముందుగా చెప్పలేదు. ఇప్పుడు ఒడ్డు మీదే మూడు మాటలు నేర్పుతున్నాం: పొట్ట, పిర్ర, పాదం. నేను నా కయాక్‌ను వాళ్ల కయాక్ పక్కకు తెచ్చి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాను. వాళ్లు అవతలి వైపు నుంచి కాళ్లు నీటి పైకి తేలేలా తన్నుతూ, పడవ మీదికి అడ్డంగా పొట్ట మీద పడాలి. తర్వాత తిరిగి పిర్రల మీద కూర్చోవాలి, చివరగా పాదాలు లోపలికి. మొల లోతు నీళ్లలో అందరూ ఒకసారి కావాలనే పడి, మళ్లీ ఎక్కాకే లోతుకు వెళ్తాం. మూడో వారం చివరికి నిమిషంన్నరకు వచ్చాం.

ఇంకొకటి. పడవ వెనక ఉండే డ్రెయిన్ ప్లగ్ (లోపలి నీళ్లు వదిలే రంధ్రానికి బిరడా) ఒకరోజు సగమే బిగించి ఉంది. అరగంటలో పడవ లోపల నీళ్లు చేరి ఒక పక్కకు ఒరగడం మొదలైంది. ఇప్పుడు దిగేముందు పడవల్లో చూసుకునే వాటి జాబితాలో మొదటి గడి ప్లగ్‌దే.

4వ వారం

15 మీటర్ల తాడు ఉన్న త్రో బ్యాగ్ (నీళ్లలో ఉన్నవాళ్లకు విసిరే తాడు సంచి) ప్రాక్టీస్. ముందు పేరు పెట్టి గట్టిగా పిలవాలి, అవతలి మనిషి చూశాకే విసరాలి. 10 మీటర్ల దూరంలో చేతికి అందేలా పడినవి మొదట పదికి మూడు, సాయంత్రానికి ఏడు. తాడును చుట్టలు చుట్టి పెట్టకూడదు, పిడికెడు పిడికెడు సంచిలోకి కుక్కాలి. చుట్టలు చుడితే సరిగ్గా అవసరమైనప్పుడే ముడిపడుతుంది.

సీపీఆర్ శిక్షణ కూడా ముగ్గురం తీసుకున్నాం. నీళ్లలో మునిగినవాళ్లకు ఊపిరే ముందు అందకుండా పోతుంది. అందుకే ముందు నోటి ద్వారా శ్వాస ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ మీద 30 నొక్కులకు 2 శ్వాసల చొప్పున చేయాలి. 108కి ఏ దారిలో రావాలో చెప్పేందుకు కట్ట మీది గుడి గుర్తును చీటీ మీద రాసి లామినేట్ చేయించాం.

6వ వారం

మొదటి బ్యాచ్. ఆరోగ్యం గురించి అందరి ముందు అడిగితే అందరూ "ఏం లేదు" అన్నారు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగితే ఒకరికి ఆస్తమా, ఇంకొకరు ఫిట్స్‌కు మందులు వాడుతున్నారు. ఇన్‌హేలర్‌ను నీళ్లు చొరని సంచిలో పెట్టి నా పడవలో ఉంచాను. రెండో ఆమెను డాక్టర్‌ని అడిగి రమ్మన్నాను. ఆ రోజు ఆమె కట్ట మీద కూర్చుని రిజిస్టర్ చూసుకున్నారు. ఎవరు ఎప్పుడు దిగారు, ఎప్పుడు ఒడ్డుకు చేరారు అని రాసే మనిషి నీళ్లలోకి దిగకూడదని నాకు ఆ రోజే అర్థమైంది. నీళ్ల మీద నుంచి లెక్క పెడుతుంటే రెండుసార్లు తప్పాను.

8వ వారం

ఈ వారం గురించే ఎక్కువ రాయాలి.

నాలుగు రోజుల వానకి చెరువు నిండింది, మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే గోడ, అలుగు) దుంకుతోంది. చూడడానికి ఊరంతా వచ్చింది. మావాళ్లు కూడా ఉత్సాహంగా వచ్చారు. నీళ్లు నిండుగా ఉన్నాయి, గాలి లేదు, నాకూ దిగాలనిపించింది. వల సర్దుకుంటున్న ఒక తాత పిలిచి, "నీళ్లు ఎర్రగైనంక దిగొద్దు బిడ్డా, పైకి సల్లగనే కనబడ్తది, అది మత్తడి దిక్కు గుంజుతది" అన్నాడు.

ఆ మాట వినగానే బ్రిటన్‌లో వేల్స్‌లోని హావర్‌ఫర్డ్‌వెస్ట్ పట్టణం గుర్తొచ్చింది. 2021 అక్టోబర్ 30న అక్కడ వానలకు ఉప్పొంగిన నదిలో తొమ్మిది మంది పాడిల్‌బోర్డుల (నిలబడి తెడ్డు వేసే పలకల) మీద వెళ్లారు. దారిలో మన మత్తడి లాంటి కట్టడమే ఉంది. దాని గురించి వెళ్లినవాళ్లకు సరిగ్గా చెప్పలేదు. నలుగురు చనిపోయారు. కింద పడ్డ నీరు వెనక్కి తిరిగి, మళ్లీ అదే గోడ వైపు సుళ్లు తిరుగుతుంది. అందులో చిక్కినదాన్ని బయటికి వదలదు. జాకెట్ ఉన్నా లాభం ఉండకపోవచ్చు. ఎగువ నుంచి నీళ్ల మీద వచ్చేవాళ్లకు అక్కడ ఒక సన్నని గీత తప్ప ఏమీ కనిపించదు. బోర్డును చీలమండకు కట్టే తాడు కూడా పారే నీళ్లలో ప్రమాదమే, దేనికైనా చిక్కుకుంటే వంగి విప్పుకోవడం సాధ్యం కాదు. అందుకే పారే నీళ్లలో నడుముకు కట్టుకుని ఒక్క లాగుతో విడిపోయే తాడు వాడమంటారు.

ఆ రోజు ఎవరినీ దింపలేదు. ఒకరిద్దరు అలిగారు. వాళ్లను కట్ట మీద నడిపించుకుంటూ తీసుకెళ్లి మత్తడి చూపించాను, ఒక ఎండుకొమ్మ విసిరి చూపించాను. అది కింద సుడిలో మునుగుతూ తేలుతూ అక్కడే తిరిగింది, మేం ఉన్నంతసేపూ బయటికి రాలేదు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. కొత్త నియమం: మత్తడి పారినన్ని రోజులు సెషన్ లేదు. మామూలు రోజుల్లో కూడా మత్తడికి, తూముకు 100 మీటర్ల ఇవతల ఎర్ర డబ్బాలు తేలేలా కట్టి, అవి దాటొద్దని చెబుతున్నాం.

10వ వారం

మత్తడి ఆగింది. నీళ్లు ఇంకా తేరుకోలేదు. వానల తర్వాతి నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వచ్చే అవకాశం ఉంది. కాళ్ల మీద పుండ్లు, తెగిన గాయాలు ఉన్నవాళ్లను దింపడం లేదు. నెల లోపు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే చెరువులో దిగిన సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పమని అందరికీ మెసేజ్ పెట్టాను.

మధ్యలో ఉరుము వినబడింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేదు. విజిల్ వేసి అందరినీ బయటికి రప్పించాం. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు కార్లలోనే కూర్చున్నాం, చెట్ల కింద కాదు.

12వ వారం

ఆరుగురు దిగారు, ఆరుగురు ఎక్కారు. ఎదురుగాలిలో బయల్దేరాం కాబట్టి అలసిపోయాక గాలే వెనక్కి తెచ్చింది. తూర్పు ఒడ్డు గుర్రపు డెక్కలో ఒక కయాక్ చిక్కింది. కంగారుగా ముందుకు తోయబోతుంటే ఆపి, వచ్చిన దారినే వెనక్కి తెడ్డు వేయించి బయటికి తెచ్చాను. ఒకరు జీన్స్‌తో వచ్చారు, మార్చుకున్నాకే ఎక్కించాం.

మిగిలిన పనులు: మునిగిన మూడు జాకెట్ల స్థానంలో కొత్తవి, అందులో ఒకటి చిన్న సైజు. రెండో త్రో బ్యాగ్. ఎర్ర డబ్బాల తాడు ఒకచోట ఒరిసిపోయింది, శనివారం సాయంత్రం వెళ్లి మార్చాలి.