తెల్ల లైటు తంటా

మహిళల ఫాయిల్ (ఫెన్సింగ్ అనే కత్తిసాము ఆటలో ఒక రకం కత్తి, దాని పోటీ) అనగానే అందరూ వాలెంతీనా వెజాలి దగ్గర మొదలెడతారు. 2000, 2004, 2008: వరసగా మూడు ఒలింపిక్ వ్యక్తిగత స్వర్ణాలు. మన భవానీ దేవి పేరూ ఎత్తుతారు గానీ ఆవిడది సేబర్ అనే మరో రకం, కత్తే వేరు.

హైదరాబాద్‌లో ఫాయిల్ ఆడే అమ్మాయిని ముందు ఏడిపించేది లామే జాకెట్, అంటే పొడుపు లెక్కలోకి వచ్చే చోటంతా కప్పే, కరెంటు పారే లోహపు దారాల జాకెట్. జులై ముసురులో, చెమటతో తడిసినదాన్ని అలాగే బ్యాగులో కుక్కేస్తే కొన్నాళ్లకే చంకల కింద లోహపు దారం రంగు మారుతుంది. అక్కడ కరెంటు పారదు. ఎదుటమ్మాయి సరిగ్గా పొడిచినా పొడుపు లెక్కలోకి రాలేదని చెప్పే తెల్ల లైటే వెలుగుతుంది, రిఫరీ పరీక్షిస్తే హెచ్చరిక కార్డు మాత్రం మనకే! కోఠి గుజరాతీ గల్లీలో ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. జాకెట్ మీద ఏ రెండు చోట్ల పెట్టినా కరెంటుకు అడ్డు (రెసిస్టెన్స్) 5 ఓమ్‌లు దాటకూడదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి హ్యాంగర్‌కి వేలాడదీయండి. పిండారో, దారాలు తెగుతాయి.

కత్తి కొన మీద 500 గ్రాముల తూకం పెట్టి నొక్కి వదిలితే స్ప్రింగ్ దాన్ని పైకి లేపాలి. లేపలేకపోతే స్ప్రింగ్ కాస్త సాగదీసి మళ్లీ బిగించండి. కొనను పట్టి ఉంచే రెండు బుల్లి స్క్రూలు కిందపడితే ఇక దొరకవు, కింద తెల్ల గుడ్డ పరచుకోండి. ఫాయిల్ సర్క్యూట్ ఎప్పుడూ మూసే ఉంటుంది, కొన నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే ఎవరినీ తాకకుండా తెల్ల లైటు వచ్చిందంటే ఎక్కడో తీగ వదులైనట్టే. ముందు బాడీ వైర్ (కత్తి నుంచి జాకెట్ లోపలగా వెనక్కి వెళ్లే తీగ) కదిపి చూడండి, తర్వాతే కత్తి విప్పండి.

ఛాతీ కవచం అమ్మాయిలకు తప్పనిసరి. ఉత్త ప్లాస్టిక్ మీద కొన జారిపోతుందని పైన 4 మిల్లీమీటర్ల మెత్తటి ఫోమ్ ఉండాలన్నారు. పాతది కొనేముందు అది చూసుకోండి.