గట్టొచ్చేదాకా పాట

తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు మాకో పని చెప్పారు. "మీ మీ ఊళ్ళలో పాడుకునే పాటలు రాసుకు రండి. పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడం పక్క భక్తి పాటలు, కుడి పక్క పని పాటలు." 1986 దసరా సెలవులప్పటి మాట. మిగతావాళ్ళేం రాశారో గుర్తు లేదు కానీ, నా పేజీ మాత్రం కొట్టివేతలతో నల్లబడిపోయింది.

మాది వంశధార పక్క ఊరు. మొదట రామ భజన రాశాను. అది సులువే. ధనుర్మాసంలో తెల్లారగట్ల నాలుగింటికే తాళాలు, చిడతలు, హార్మోనియం పట్టుకుని వీధులన్నీ తిరిగేవారు. రామదాసు కీర్తనలు సగం నాకు నిద్రలోనే వచ్చేశాయి.

చిక్కు తప్పెటగుళ్ళ దగ్గర మొదలైంది. సంక్రాంతికి, గంగమ్మ పండక్కి మా గొల్లవీధి జట్టు ఆడేది. గుండ్రటి రేకు తప్పెట గుండెకి ఆనించి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలు ఘల్లుమనేలా ఎగిరేవారు. చూడ్డానికి సులువే. ఓసారి మా క్లాసువాడిది అడిగి కట్టుకున్నాను. తాడు వదులైంది. ఒక్క గెంతు గెంతానో లేదో, రేకు అంచు వచ్చి గడ్డానికి కొట్టుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. సరే, ఆట గంగమ్మకి దండంతో మొదలయ్యేది కదా అని ఎడం పక్క రాశాను. కానీ తర్వాత రాత్రంతా నడిచేది సారంగధర కథ. సవతితల్లి నింద వేస్తే కాళ్ళూ చేతులూ నరికించుకున్న రాజకొడుకు కథలో భక్తి ఎంత? కొట్టేసి కుడి పక్క రాశాను. అక్కడ మాత్రం అది పనా? మళ్ళీ కొట్టేశాను.

జముకు కథా అంతే. చంకలో ఇరికించుకున్న ఆ వాయిద్యం తీగ లాగితే 'జుమ్‌'మని మూలిగేది. ఎల్లమ్మ కథ మధ్యలో కథకుడు ఆగి, మా ఊరి కరణం గారి పిసినారితనం మీద నాలుగు ముక్కలు వేసేవాడు. జనం అమ్మవారికి ఎంత దండం పెట్టేవారో దానికంత నవ్వేవారు. అది ఏ పక్క రాయాలి? వంగపండు ప్రసాదరావు గారు మా ఉత్తరాంధ్ర బాణీల్లోనే రైతుకూలీల పాటలు కట్టారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడే తెలిసుంటే మాస్టారితో వాదించేవాణ్ణి. ధైర్యం ఉండేదా అంటే, అది వేరే సంగతి.

కుడి పక్క నింపడానికి నానమ్మని పట్టుకున్నాను. వరి నాట్లేసేటప్పుడు పాడే ఉడుపు పాట చెప్పమంటే, "కూకుంటే పాటొస్తాదేటిరా? వొంగితేనే వొస్తాది" అంది. ఎంత బతిమాలినా రాలేదు. చివరికి అరుగు దిగి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, వాకిట్లో నడుం వంచింది. ఎడంచేతిలో లేని ఆకుకట్ట పట్టుకుని, కుడిచేత్తో నేలలో మొక్కలు గుచ్చుతూ ఒక్కో అడుగే వెనక్కి వేస్తుంటే, అప్పుడొచ్చింది పాట. సీతమ్మ అడివిలో ఆకలికి ఏడుస్తోంది, మధ్యలో కూలి డబ్బులు తగ్గించిన ఆసామి వస్తున్నాడు, మళ్ళీ సీతమ్మ. బాణీ విని నాకు ఆశ్చర్యమేసింది. అచ్చం ధనుర్మాసం భజనలోదే.

"ఇది భజనోళ్ళ పాట కదే?" అన్నాను.

"ఆళ్ళే మా దగ్గర ఎత్తుకుపోయినారు" అంది, తల ఎత్తకుండానే. భజన పెద్దని అడిగితే ఆయన సరిగ్గా తిరగేసి చెప్పాడు.

నేను గబగబా రాసుకుంటుండగానే నానమ్మ మడం వెళ్ళి వాకిలి చివర గోడకి తగిలింది. టక్కున నడుం ఎత్తి, చేతులు దులుపుకుంది. సీతమ్మ ఇంకా అడివిలోనే ఉంది.

"మిగతాది చెప్పవే!"

"గట్టొచ్చీసింది కదరా" అని లోపలికి పోయింది.