క్రూయిజ్‌లో రేవు దిగి చూసే టూర్లు: ఎంచుకోవడం, బుక్ చేయడం – నా అనుభవం

సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్, పోర్ట్ క్లాంగ్ చుట్టి మళ్లీ సింగపూర్‌లోనే దింపే క్రూయిజ్‌కి బరంపురం నుంచి వెళ్లడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదు. రైల్లో విశాఖ చేరితే అక్కడినుంచి సింగపూర్‌కి నేరుగా స్కూట్ విమానం ఉంది. గది, టికెట్లు, వీసా ట్రావెల్ ఏజెంటు చూసుకుంటాడు. ఆయన చేతిలో లేనిది ఒకటుంది: ఓడ రేవులో ఆగినప్పుడు దిగి ఏం చేయాలన్నది. షోర్ ఎక్స్‌కర్షన్ అంటే అదే. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య, నీళ్లు చూస్తే ఆగని పిల్లలు, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టని పెద్దమ్మ, ఇంతమందికీ కుదిరేలా టూర్లు ఎంచి బుక్ చేసే పని నాది. అది ఎలా చేశానో రాస్తున్నాను.

అందరూ ‘ఫుకెట్‌లో ఏం చూడాలి’ అన్న దగ్గర మొదలుపెడతారు. నేను గంటల దగ్గర మొదలుపెట్టాను. షెడ్యూల్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 అని ఉంటే చేతిలో తొమ్మిది గంటలు ఉన్నాయనిపిస్తుంది. ఉండవు. 9 అన్నది ఓడ రేవుకి చేరే వేళ. తాళ్లు కట్టి, ఇమిగ్రేషన్ వాళ్లు అనుమతిచ్చి, మెట్ల దగ్గర క్యూ కదిలేసరికి ముప్పావు గంట, ఒక్కోసారి గంట పడుతుంది. 6 అన్నది ఓడ కదిలే వేళ. అందరూ లోపల ఉండాల్సిన ‘ఆల్ అబోర్డ్’ టైము అంతకు అరగంట నుంచి గంట ముందే. సొంతంగా తిరిగేవాళ్లు దానికి ఇంకో గంటన్నర ముందే రేవు గేటు దగ్గర ఉండేలా చూసుకోవాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఐదున్నర గంటలు. రానుపోను ప్రయాణం కూడా అందులోనే. ఒక్కో రేవుకీ ఈ లెక్క కాగితం మీద వేశాకే టూర్ల జాబితా తెరిచాను. సగం టూర్లు అక్కడే రాలిపోయాయి.

లెక్కలో రెండో సంగతి, ఓడ ఎక్కడ ఆగుతుందన్నది. పెనాంగ్‌లో ఓడ స్వెట్టెన్‌హామ్ పియర్‌కి కడుతుంది. అది జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. గేటు దాటితే కార్న్‌వాలిస్ కోట, కాస్త నడిస్తే లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి, ఇంకోవైపు నీళ్లమీద కట్టిన చ్యూ జెట్టీ ఇళ్లు. జార్జ్‌టౌన్‌కి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చూడాల్సిన వీధులన్నీ నడక దూరంలోనే. ఇలాంటి చోట ఓడవాళ్ల టూర్‌కి డబ్బు పెట్టడం దండగ. పెనాంగ్ హిల్ మీదికి ఫ్యునిక్యులర్ రైలు (తాడుతో కొండ మీదికి లాగే రైలు) ఎక్కాలన్నా, కెక్ లోక్ సి గుడికి వెళ్లాలన్నా గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకుంటే సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది హిల్ కింద స్టేషన్‌లో క్యూ గురించి. ఓడ వచ్చిన రోజు ఆ క్యూలోనే పొద్దు పోతుంది, అందుకే దిగీ దిగగానే ముందు అక్కడికే వెళ్లాలి. లేదా మానుకోవాలి. మహామారియమ్మన్ గుడికి కూడా పొద్దున్నే వెళ్లడం మంచిది, మధ్యాహ్నం తలుపులేస్తారు. భోజనానికి లిటిల్ ఇండియాలో అరిటాకు మీద శాకాహారం దొరుకుతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఈ మూడు రేవుల్లో నేను మొదట చెప్పేది పెనాంగే.

పోర్ట్ క్లాంగ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. జాబితాలో ‘కౌలాలంపూర్’ అని పెద్దక్షరాల్లో రాస్తారు గానీ రేవు నుంచి ఆ ఊరికి రోడ్డు మీద గంట పైనే, ట్రాఫిక్ పడితే గంటన్నర. రానుపోను మూడు గంటలు తీసేస్తే ఐదున్నరలో మిగిలేది రెండున్నర. అందులో పెట్రోనాస్ టవర్లు, బాతు గుహలు (మురుగన్ గుడి ఉన్న ‘బటు కేవ్స్’), భోజనం మూడూ ఇమడవు. రెండు ఎంచుకోవాలి. ఇక్కడ నేను ఓడవాళ్ల బస్సే తీసుకున్నాను. కారణం దూరం. తిరుగుదారిలో హైవే మీద ప్రమాదం జరిగి వాహనాలు నిలిచిపోతే, ఓడవాళ్ల సొంత టూర్ బస్సు కోసం ఓడ ఆగుతుంది, లేదా వాళ్లే మిమ్మల్ని తర్వాతి రేవుకి చేరుస్తారు. సొంత కారులో ఉంటే ఆ పూచీ ఎవరిదీ కాదు. గైడు వద్దనుకునేవాళ్లకి, ఊళ్లో దింపి మళ్లీ ఎక్కించుకునే బస్సు మాత్రమే ఉండే టూర్ కూడా జాబితాలో చూడండి. ధర తక్కువ, పూచీ అదే. బాతు గుహల దగ్గర 272 మెట్లు. ఎక్కలేనివాళ్లు కిందే కూర్చున్నా 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం ఎదురుగానే ఉంటుంది. పైకి వెళ్లేవాళ్లు మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. చేతిలో తిండి సంచి ఉంటే కోతులు లాక్కుంటాయి.

ఫుకెట్ గురించి ఎక్కువ రాయాలి, చిక్కంతా అక్కడే. చాలా పెద్ద ఓడలు పటాంగ్ బీచ్ ఎదురుగా సముద్రంలోనే లంగరేస్తాయి. అక్కడినుంచి చిన్న పడవల్లో ఒడ్డుకి దింపుతారు. టెండర్ అంటారు. మన ఒడిశాలోని రంభ ఊళ్లో చిలికా సరస్సు పడవ ఎక్కినట్టుంటుందని అనుకోకండి. చిలికా నీళ్లు నిలకడగా ఉంటాయి. ఇక్కడ ఓడ ఒక లయలో, పడవ ఇంకో లయలో లేచి పడుతుంటాయి. మధ్యనున్న పలక కాళ్లకింద కదులుతూ ఉంటుంది. ఇద్దరు సిబ్బంది చెరో మోచెయ్యి పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణాన ‘ఇప్పుడు’ అంటారు. అప్పుడు అడుగు వేయాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సామాను భుజాన సంచిలో ఉండాలి. చీర కుచ్చిళ్లు నేలకి తగలకుండా ఎత్తి కట్టుకోవాలి, హవాయి చెప్పులు వద్దు. వీల్‌చైర్ వాళ్లని అలలున్న రోజు దింపకపోవచ్చు. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలికి పడమటి తీరం పోటుగా ఉంటుంది, ఆ నెలల్లో టెండర్ రద్దై ఓడ ఆగకుండా వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. ఓడవాళ్ల టూర్ తీసుకున్నవాళ్లని ముందు పడవల్లో పంపుతారు. మిగతావాళ్లు నంబరు చీటీ తీసుకుని పిలిచేదాకా ఆగాలి. నేను వేసిన లెక్కలో ఆ ఆగడానికి ఇంకో గంట కలిపాను. తిరుగు ప్రయాణంలో చూడాల్సింది ఆల్ అబోర్డ్ టైము కాదు, ఒడ్డు నుంచి చివరి పడవ టైము.

ఇంకొకటి, గడియారం. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. కొన్ని ఓడలు ఆ రోజు గడియారం మారుస్తాయి, కొన్ని సింగపూర్ టైమే ఉంచుతాయి. మార్చని ఓడలో చివరి పడవ 5 గంటలకి అంటే ఒడ్డున గడియారాల్లో అది 4. ఫోనేమో ఒడ్డు సిగ్నల్ పట్టుకుని తనంతట తనే థాయ్ టైముకి మారిపోతుంది. దాన్ని నమ్ముకుంటే గంట ఆలస్యం ఖాయం. ముందు రాత్రి ఓడవాళ్లు ఇచ్చే మర్నాటి కార్యక్రమాల దినపత్రంలో ఏ టైమో చూసి, ఫోన్లలో ఆటోమేటిక్ టైము ఆపి, అందరి గడియారాలూ ఓడ టైముకి పెట్టించాను. ప్రైవేటు డ్రైవరుతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘మీ టైము ఎన్ని గంటలకి’ అని ఒడ్డు టైములోనే ఖాయం చేసుకోవాలి.

ఫీఫీ దీవులు అందరికీ మోజు. పటాంగ్ పడమటి ఒడ్డున ఉంది, ఫీఫీ స్పీడ్‌బోట్లు ఎక్కువగా బయల్దేరేది తూర్పు ఒడ్డున. కొండ దాటి అటు చేరడానికే చాలా టైము పోతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లని, గర్భిణులని ఆ బోటు ఎక్కించకూడదు. రోజంతా ఆగే ఓడ అయితేనే, అదీ ఓడవాళ్ల టూర్‌లోనే వెళ్లాలని నా మాట. మేం పాత ఫుకెట్ టౌన్, వాట్ చలోంగ్ గుడి ఉన్న సగంపూట టూర్ తీసుకున్నాం.

టూర్ల వివరాలు చదవడంలో కొన్ని కిటుకులున్నాయి. ‘6 గంటలు’ అంటే చూసేది ఆరు గంటలు కాదు, బస్సు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా. ‘పనోరమిక్’ అని ఉంటే ఎక్కువభాగం బస్సు కిటికీలోంచే. ‘ఫోటో స్టాప్’ అంటే దిగి పది పదిహేను నిమిషాలు నిలబడటం, లోపలికి టికెట్ ఉండదు. రత్నాలు, లేటెక్స్ పరుపులు, జీడిపప్పు దుకాణం పేరు మధ్యలో కనిపిస్తే అక్కడ ముప్పావు గంట పోయినట్టే. నడక ఎంత, మెట్లు ఎన్ని అన్నది చిన్న బొమ్మలతో సూచిస్తారు, పెద్దవాళ్ల కోసం ముందు చూడాల్సింది ఆ బొమ్మలనే. భోజనం కలిపి ఉంటే శాకాహారమని బుకింగ్‌లోనే రాయించాలి. థాయ్ వంటలో కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్, ఆయిస్టర్ సాస్ పడతాయి. అక్కడ ‘జే’ అని అడిగితే మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా వండుతారు. పసుపు జెండా మీద ఎర్రక్షరాలున్న దుకాణాలు అవే. పెద్దమ్మకి ఈ ఒక్కమాట చాలింది.

బుకింగ్ ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో జరుగుతుంది. ముందు అకౌంటు తెరిచి, రిజర్వేషన్ నంబరు, ఇంటిపేరు, ఓడ పేరు, బయల్దేరే తేదీ ఇచ్చి ప్రయాణాన్ని కలుపుకోవాలి. మన తెలుగువాళ్లకి ఇక్కడే మొదటి ముల్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, ఏజెంటు ఎక్కించింది ఇంకోచోట ఉంటే ‘బుకింగ్ దొరకలేదు’ అంటుంది. ఇంటిపేరు గడిలో అసలు పేరు వేసి చూడండి. అది కలిసినా అలా వదలకుండా ఏజెంటు చేత పాస్‌పోర్టు ప్రకారం సరిచేయించండి, ఓడ ఎక్కేటప్పుడు అదే పేరు చూస్తారు. రెండు మూడు గదులున్న కుటుంబం అన్ని రిజర్వేషన్లూ ఒకదానికొకటి కలిపించుకుని, టూర్ ఒకేసారి అందరికీ బుక్ చేయాలి. విడివిడిగా చేస్తే వేర్వేరు బస్సులు వస్తాయి.

ధర డాలర్లలో ఉంటుంది. బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉంచాలి, పైన ఫారెక్స్ ఛార్జీ, పన్ను పడతాయి. అందరికీ నచ్చే సగంపూట టూర్లు ముందే నిండిపోతాయి, ఓడ ఎక్కాక చూద్దాంలే అనుకోకూడదు. ముందు బుక్ చేయడంలో నష్టం తక్కువ. చాలా కంపెనీలు ఓడ ఆ రేవు చేరడానికి ఒకట్రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకోనిస్తాయి. ఆ గడువు ఎంతన్నది టూర్ షరతుల్లో రాసి ఉంటుంది. ధర తర్వాత తగ్గితే పాతది రద్దు చేసి కొత్తగా తీసుకోవచ్చు.

ప్రైవేటు టూర్ల వాళ్లతో మాట్లాడేటప్పుడు నాలుగు సంగతులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకున్నాను: ఓడ ఆగకపోతే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తారా, రేవులో సరిగ్గా ఎక్కడ నిలబడతారు, వాహనంలో సీట్లు ఎన్ని, పడవ ఎక్కే టూరైతే పిల్లల కొలతల లైఫ్ జాకెట్లు ఉన్నాయా. మొదటిదానికి సూటిగా జవాబివ్వని వాళ్లకి అడ్వాన్సు ఇవ్వలేదు.

కాగితాల సంగతి. దిగినా దిగకపోయినా దారిలోని దేశాలన్నిటి నియమాలూ మీకు వర్తిస్తాయి, అవి పాటించకపోతే ఓడే ఎక్కనివ్వకపోవచ్చు. సింగపూర్ వదిలి మళ్లీ సింగపూర్‌కే వస్తాం కాబట్టి ఆ వీసా ఒక్కసారి ప్రవేశానికే అయితే చాలదు. సింగపూర్‌లోకి వచ్చేముందు ఆన్‌లైన్‌లో నింపే ఎస్‌జీ అరైవల్ కార్డ్ విమానానికి ఒకసారి, ఓడలో తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి నింపాలి, రెండుసార్లూ చేరడానికి మూడు రోజుల లోపే. దానికి ఫీజు లేదు. డబ్బడిగే సైటు సర్కారుది కాదు. మలేసియా, థాయ్‌లాండ్ నియమాలు తరచు మారుతున్నాయి. ప్రయాణం నెలలో ఓడ కంపెనీ పంపే ఈమెయిల్ అక్షరం వదలకుండా చదవండి.

టూర్ ముందు రాత్రి టికెట్లు గదికి గానీ యాప్‌కి గానీ వస్తాయి. కలుసుకునే చోటు సాధారణంగా ఓడలోని థియేటర్. అక్కడ చొక్కాకి అంటించే నంబరు స్టిక్కరు ఇస్తారు, బస్సు నంబరు కూడా అదే. దినపత్రంలో ‘పోర్ట్ ఏజెంట్’ (రేవులో ఓడ తరఫు ప్రతినిధి) ఫోను నంబరు ఉంటుంది. ఓడ తప్పిపోతే మొదట ఫోను చేయాల్సింది వాళ్లకే కాబట్టి ప్రతి రేవులో దాన్ని కాగితం మీద రాసి అందరి సంచుల్లో పెట్టించాను. ఓడ కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు, చిల్లరగా మలేసియా రింగిట్లు, థాయ్ బాత్‌లు, మందులు వెంట ఉండాలి. కొన్ని ఓడలు పాస్‌పోర్టులు తమ దగ్గరే ఉంచుకుంటాయి. బఫేలో పళ్లు, రొట్టెలు మూటగట్టుకుని దిగనివ్వరు. ఫోను సముద్రం మీద ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉండాలి. మన రోమింగ్ ప్యాక్ ఒడ్డున పనిచేస్తుంది గానీ ఓడలోని నెట్‌వర్క్ సాధారణంగా అందులోకి రాదు, బిల్లు గుండె గుభేలుమనేలా వస్తుంది.

దిగనివాళ్ల గురించి కూడా ఆలోచించాలి. పోర్ట్ క్లాంగ్ రోజు అత్తయ్య ఓడలోనే ఉండేలా ముందే అనుకున్నాం. ఆ రోజు ఓడ సగానికి సగం ఖాళీ అవుతుంది, కుర్చీ కోసం, లిఫ్టు కోసం ఆగక్కర్లేదు. మూడు రేవుల్లోనూ అందరూ దిగి తీరాలన్న పట్టుదల వద్దు.

వాతావరణం బాగోక గానీ, కనీస సంఖ్య రాక గానీ ఓడవాళ్లే టూర్ రద్దు చేస్తే డబ్బు వెనక్కిస్తారు. అది కొన్నిసార్లు కార్డుకి, కొన్నిసార్లు ఓడలోని మీ ఖాతాకి జమ అవుతుంది. ఖాతాకి వస్తే ఓడ దిగేలోపు వాడుకోవాలా, మిగిలింది కార్డుకి వేస్తారా అని గెస్ట్ సర్వీసెస్‌లో అడగండి. చివరి రోజు అక్కడ చాంతాడంత క్యూ ఉంటుంది. అందుకే ఒకరోజు ముందే, మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లి ఖాతా ప్రింటు తీయించి, బుక్ చేసిన ప్రతి టూర్ రసీదుతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. తేడా ఉంటే అక్కడికక్కడే సరిచేస్తారు. ఇంటికొచ్చాక అదే పని ఈమెయిళ్లలో వారాల తరబడి సాగుతుంది.